పావలా

మా అమ్మకి వంటిల్లు లేదు. మూడు ఇటికెలు, మసిబారిన సత్తు డబరా, వానకి తడవకుండా చూర్లో దోపుకున్న నాలుగు పుల్లలు, అంతే. 1980 నాటికి మండపేటలో మా పేటలో చాలా ఇళ్ళకి అంతే. వంటిళ్ళు ఊళ్ళో ఉండేవి. వాటిలోకి మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కాదు. కనక వంటిల్లు అనేదాన్ని నేను లోపలినుంచి చూసింది సినిమాల్లోనే.

అలాంటిదాన్ని, యాభై దాటాక, ఒక అమెరికా తెల్లపిల్ల వంటింట్లో నిలబడి తాగుతూ, తూలుతూ, నవ్వుతూ వంట చేసే వీడియోలు చూస్తానని, ఆ పిల్ల రాసుకున్న జీవితకథ చదివి రెండు రాత్రులు నిద్రపట్టక దొర్లుతానని ఎవరన్నా చెబితే నవ్వేదాన్ని. అది జరిగింది. అలా జరగడం సబబేనా అన్నదే నా బాధ. ఎందుకంటే అది సబబు కాదని ఒకప్పుడు మీటింగుల్లో మైకు పట్టుకుని చెప్పినదాన్ని నేనే.

2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు చేసినప్పుడు మండపేటని కోనసీమ జిల్లాలో వేశారు. మే నెలలో ఆ జిల్లాకి అంబేడ్కర్ పేరు కలుపుతామని ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. 24వ తారీఖున అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. తమ చిరునామాలో ఆ పేరు రాసుకోవడం కొందరికి అంత బరువైంది. (నా చిరునామా నాకు బరువైన సంగతి కూడా ఉంది. దాచను, వస్తాను.) జిల్లాలో ఇంటర్నెట్టు ఆపేశారు. మా చిన్నమ్మాయిది హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. అప్పటికింకా ఇంటి దగ్గర్నుంచే పని. నెట్టు లేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. దాని ఫోన్లో ఏది నొక్కినా సున్నా ఒకటి గిర్రున తిరుగుతుందే గాని బొమ్మ రాదు.

"ఏంటమ్మా అది, అలాగే తిరుగుతుంది?"

"బఫరింగ్ మమ్మీ. బొమ్మ రావడానికి టైం తీసుకుంటుందన్నమాట. ఆ పేరుతో పుస్తకం కూడా ఉంది. నేను చూపించాను కదా, తాగి వంట చేసే అమ్మాయి, ఆవిడదే. చదువు. నువ్వు ఇంగ్లీషు టీచరువి కదా."

ఆ అమ్మాయి పేరు హన్నా హార్ట్. 2011 మార్చిలో, దూరంగా ఉన్న స్నేహితురాల్ని నవ్వించడానికని తన కంప్యూటరు ముందు నిలబడి ఒక వీడియో తీసి పెట్టింది. వేడి చేసిన చీజు శాండ్‌విచ్ చేద్దామని మొదలెట్టి, మధ్యలో చూసుకుంటే ఇంట్లో చీజు లేదు. లేకుండానే చేసేసింది. జనం ఎగబడి చూశారు. దానికి 'మై డ్రంక్ కిచెన్' అని పేరు పెట్టి చేసుకుంటూ పోయింది. వంటల పుస్తకం వేసింది. 2016లో 'బఫరింగ్' అని తన కథ రాసింది. దాని ఉపశీర్షికలోనే, ఇంతవరకు ఎవరితోనూ పంచుకోని కథలు అని ఉంది.

మా అమ్మాయి మొదట ఆ వీడియో చూపించినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆడపిల్ల తాగడమేంటి, తాగి వంట చెయ్యడమేంటి, దాన్ని లోకమంతా చూడ్డమేంటి అన్నాను. పైగా ఆడపిల్లల్నే ప్రేమించే పిల్లట. చర్చికి వెళ్ళేదాన్ని, నా మాట అలాగే వచ్చింది. ఇప్పుడు ఆ మాటకి సిగ్గుపడుతున్నాను. అంటరానిదాన్ని అనిపించుకుని పెరిగిన నోటితో ఇంకొకరిని అంత తేలిగ్గా దూరం పెట్టగలిగాను చూడండి.

పుస్తకం తెరిచాక వంటిల్లు లేదు. నవ్వు అక్కడక్కడా ఉంది గాని దాని కింద ఇంకోటి ఉంది. ఆ పిల్ల తల్లికి మతి సరిగా ఉండదు. లేని మాటలు వినపడతాయి, లేనివి ఉన్నట్టు నమ్ముతుంది. తండ్రి విడిగా ఉంటాడు, యెహోవా సాక్షుల మతంవాడు. అక్కచెల్లెళ్ళు. ఇల్లు మనుషులుండే ఇల్లులా ఉండదు. వేళకి తిండి ఉండదు. స్నేహితుల్ని ఇంటికి పిలవడానికి లేదు. తల్లిని చూసి భయం, తల్లి మీద ప్రేమ, తల్లి ఎవరికన్నా కనపడుతుందేమోనని ఇంకా పెద్ద భయం. పెద్దయ్యి నాలుగు డబ్బులు వచ్చాక తల్లికి వైద్యం చేయించాలంటే ఆ దేశపు చట్టాలతో పడ్డ పాట్లు.

ఇంగ్లీషు పుస్తకాన్ని పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివే అలవాటు నాది. అంతసేపూ డిక్షనరీ తియ్యలేదు.

మా అమ్మ ఉప్పుడు బియ్యం మిల్లులో కళ్ళం పని చేసేది. ఉడికించిన ధాన్యాన్ని సిమెంటు కళ్ళం మీద పోస్తారు, ఎండలో ఆడవాళ్ళు కాళ్ళతో దున్నినట్టు తిరగేస్తూ ఉంటారు. అరికాళ్ళు బొబ్బలెక్కి, చిట్లి, మళ్ళీ ఎక్కి గిట్టల్లా అయిపోతాయి. మా నాన్న అదే మిల్లులో జట్టు కూలీ, బస్తాలు మోసేవాడు. 1979లో మా అమ్మకి పుట్టిన పిల్లాడు తొమ్మిదో రోజున పోయాడు. ఆ తర్వాత రెండు మూడు నెలలకి అమ్మ రాత్రిళ్ళు లేచి వీధిలోకి వెళ్ళడం మొదలెట్టింది. పిల్లాడు కాలవ గట్టున ఏడుస్తున్నాడనేది. మొదట్లో నాన్న వెతికి తీసుకొచ్చేవాడు. గాలి సోకిందన్నారు. ఒకాయన వేపమండలతో కొట్టాడు. ఇంకొకాయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, నూనె రాసి, మూడు శుక్రవారాలు ఉపవాసం ఉంచాడు. అసలే తిండి తక్కువ మనిషి. మిల్లులో పని పోయింది. ఆ తర్వాత అమ్మ బజార్న పడింది.

ఒక సాయంత్రం గుర్తుంది. నాన్న ఇంకా రాలేదు. అమ్మ ఇటికెల మధ్య పుల్లలు వెలిగించి డబరా పెట్టింది. అందులో నీళ్ళు కూడా లేవు. గరిట పెట్టి తిప్పుతోంది. "బెల్లం తగ్గిందే" అంటుంది, చిటికెడు గాలి తీసి వేస్తుంది. దించి, నాకూ తమ్ముడికీ ఆకులు వేసి, వడ్డించింది. "తినండమ్మా, పరమాన్నం" అంది. మేం పడీ పడీ నవ్వాం. పేటలో పిల్లలొచ్చి నవ్వారు. వాళ్ళు నవ్వుతున్నారని మా అమ్మ కూడా నవ్వింది. ఉత్త డబరా మాడి వాసన వస్తోంది.

చీజు లేని శాండ్‌విచ్ చూసి నాకు మొదట్లో ఒళ్ళెందుకు మండిందో అప్పుడు తెలిసింది.

ఇక్కడ నేను ఒక విషయం దగ్గర ఆగాలి. తొంభైల్లో దళిత కవిత్వం ఉరుములా వచ్చింది. 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' సంకలనాలొచ్చాయి. నేనప్పుడు కొత్తగా ఉద్యోగం వచ్చిన టీచర్ని. రాజమండ్రిలో ఎక్కడ మీటింగు పెట్టినా ద్వారపూడి దాకా వెళ్ళి రైలెక్కి పోయేదాన్ని. దళితుల బతుకు దళితులే రాయాలా, సానుభూతి ఉన్న ఎవరైనా రాయొచ్చా అని గంటలు గంటలు వాదన. నాది ఒకటే మాట. "ముల్లు మా కాల్లో ఉంది. మీరు రాసేది ముల్లు గురించి, మేం రాసేది కాలి గురించి" అనేదాన్ని. చప్పట్లు కొట్టేవారు. ఇప్పటికీ ఆ మాటని నేను వెనక్కి తీసుకోవడం లేదు. కాని అదే నిజమైతే, అమెరికాలో కాలిఫోర్నియా పిల్లకి గుచ్చుకున్న ముల్లు మండపేట మాలపేటలో నా కాలికి ఎలా తెలిసింది?

మా అమ్మాయిని అడిగాను. "రిలేటబుల్ మమ్మీ, అంతే" అంది. ఈ కాలం పిల్లలకి అన్నీ రిలేటబులే. టీ ఒలికినా రిలేటబులే.

ఈ మాట నాకు కొత్తది గాని దాని వెనకున్న పని కొత్తది కాదు. స్టాఫ్‌రూములో ఒకసారి నేను మన కవిత ఒకటి చదివి వినిపించాను, నీళ్ళ దగ్గర జరిగిన అవమానం గురించి. ఒక పెద్దాయన, మంచివారే, శ్రద్ధగా విని కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకుని, "మాకూ ఇంతేనమ్మా. మా తాతగారు వారాలు చేసుకుని చదువుకున్నారు. రోజుకో ఇంట్లో భోజనం. ఆకలి ఎవరికైనా ఆకలే" అన్నారు. ఆ తర్వాత అరగంట వాళ్ళ తాతగారి సంగతే నడిచింది. నేను కవిత మడిచి సంచిలో పెట్టుకున్నాను. వాళ్ళ తాతగారి ఆకలి అబద్ధం అనను. కాని రోజుకో ఇంటివాళ్ళు ఆయన్ని లోపలికి పిలిచి పీట వేశారు. మా తాత ఆకలేసి అదే ఇంటి ముందు నిలబడితే ఎక్కడ నిలబడాలో గీత ఉంది. ఆ "మాకూ ఇంతే" అనే మాట వచ్చాక ఆ గీత కనపడకుండా పోయింది.

అందుకని ఈ పుస్తకం దగ్గర "నాకూ ఇంతే" అనడానికి నాకు భయం వేసింది. స్టాఫ్‌రూము పెద్దాయన మాకు చేసింది ఇప్పుడు నేను ఆ పిల్లకి చేస్తున్నానా? ఆ పిల్ల బాధని లాక్కుని నాది చేసేసుకుంటున్నానా?

మొదట తేడాలు లెక్కపెట్టుకున్నాను. లెక్కపెట్టుకోవాలి కూడాను. ఆ పిల్ల ఇంట్లోంచి బయటికొస్తే ఆ ఇల్లు వెనకాలే వచ్చేది కాదు. బడిలో ఆమె ఒక తెల్లపిల్ల, అంతే. నేను బయటికొస్తే పేట నా కూడా వచ్చేది. అటెండెన్సు రిజిస్టర్లో ఉండేది, స్కాలర్‌షిప్పు కాయితంలో ఉండేది, నా పేరు వెనక ఇంటిపేరులో ఉండేది. మా ఊళ్ళోనే మెయిన్ రోడ్డు మీద ఒక పెద్దింట్లో ఒకావిడకి మా అమ్మకున్న జబ్బే ఉండేది. ఆవిడని మేడ మీద గదిలో ఉంచారు. "అమ్మగారికి ఒంట్లో బాగోలేదు" అనేవాళ్ళు. కాకినాడనుంచి డాక్టరు కార్లో వచ్చేవాడు. మా అమ్మని "పిచ్చిమాలది" అనేవాళ్ళు. రెండు మాటలూ కలిపి ఒకే మాటలా అనేవాళ్ళు, పిచ్చి పోతే రెండోది పోతుందన్నట్టు, లేకపోతే రెండోదాని వల్లే మొదటిది వచ్చిందన్నట్టు. లారీ డ్రైవర్లు సారా పోసి డాన్సు చెయ్యమనేవాళ్ళు. తాగి వాగుతుందని ఊరంతా అనుకునేది. మా అమ్మ సారా అడిగి తాగింది ఏనాడూ లేదు.

బైబిల్లో కూడా ఒక హన్నా ఉంది, సమూయేలు తల్లి. పిల్లల్లేక ఏడుస్తూ, పెదాలు కదుపుతూ మందిరంలో ప్రార్థన చేసుకుంటుంటే యాజకుడు ఏలీ చూసి తాగొచ్చిందనుకుంటాడు. చిన్నప్పుడు సండేస్కూల్లో ఆ కథ చెప్పినప్పుడల్లా నేను తల దించుకునేదాన్ని. ఏలీకి తన పొరపాటు వెంటనే తెలిసి ఆమెని దీవించి పంపాడు. మా అమ్మ విషయంలో ఎవరికీ పొరపాటు తెలియలేదు.

ఇన్ని తేడాలు. వీధిలోకి వస్తే మా ఇద్దరి దారులూ ఎక్కడా కలవవు. తలుపు లోపల మాత్రం అంగుళం తేడా లేదు. రాత్రి అమ్మ అడుగుల చప్పుడు వినడం, ఇవాళ మంచిరోజా చెడ్డరోజా అని పొద్దున్నే ఆమె కళ్ళల్లో వెతుక్కోవడం, చిన్నవాళ్ళకి తల్లిగా మారిపోవడం, ఎవరూ ఇంటికి రాకుండా అబద్ధాల గోడ కట్టుకోవడం. నా స్నేహితులు "మీ ఇల్లెక్కడే" అంటే "రైస్ మిల్లు దగ్గర" అనేదాన్ని. మిల్లు పేరు చెప్పేదాన్ని, పేట పేరు చెప్పేదాన్ని కాదు. నా చిరునామా నాకు బరువు అన్నది ఇదే.

ఇక ఆ రోజు సంగతి. ఇన్నేళ్ళూ ఎక్కడా చెప్పలేదు, రాయలేదు.

1985. జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ వార్త మా పేటకి వచ్చిన రోజున చెట్టు కింద పెద్దవాళ్ళంతా కూడారు. ఒకాయన పేపరు పైకి చదువుతున్నాడు. మా నాన్న మిల్లునుంచి ఊకధూళితో అలాగే వచ్చి నిలబడ్డాడు. "మనం తల దించుకుని పోయిన రోజులు చాలు" అన్నాడు ఎవరో. నాకు పద్నాలుగేళ్ళు. ఆ మాట నాలో పడింది. తర్వాత పదేళ్ళకి మీటింగుల్లో "నేను కారంచేడు తరందాన్ని" అని మొదలుపెట్టేదాన్ని. అది అబద్ధం కాదు.

అదే ఏడు డిసెంబర్లో, కోతలైపోయిన రోజులు, మధ్యాహ్నం బడి విడిచారు. తొమ్మిదో తరగతి. నాకో స్నేహితురాలుండేది, ఊళ్ళో కామందుల పిల్ల. తన పక్కన కూచోనిచ్చేది, తన జామెట్రీ పెట్టె వాడుకోనిచ్చేది. ఆ స్నేహం నాకు ఎంత విలువైందో ఇప్పుడు చెప్పినా నవ్వుతారు. ఇద్దరం గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ మా అమ్మ. జాకెట్టు లేదు. చీర సగం నేల మీద. నెత్తిన గడ్డి. చేతిలో తామరాకు పొట్లం. పరిగలేరి, ఎవరి దగ్గర మార్చిందో ఏమో, రెండు బొబ్బట్లు అందులో. నన్ను చూసి ముఖమంతా నవ్వు. నా ముద్దుపేరు పెట్టి పిలిచింది. ఇంట్లో పిలిచే పేరది, బళ్ళో ఎవరికీ తెలీదు.

"ఎవరే ఆవిడ?" అంది నా స్నేహితురాలు.

"ఏమో. తెలీదు" అన్నాను.

అంతే. రెండు మాటలు. నా గొంతు వణకనైనా వణకలేదు.

ఆ అమ్మాయి మనసు మంచిది. "పాపం" అని సంచిలోంచి పావలా తీసి మా అమ్మ చేతిలో పెట్టింది, చెయ్యి తగలకుండా పైనుంచి వదిలింది. మా అమ్మ నన్ను చూసింది. ఆ పిల్లని చూసింది. మళ్ళీ నన్ను చూసింది. "దండాలు అమ్మగారండీ" అని ఆ పిల్లకి వంగి దండం పెట్టి, పొట్లం చీరలో దాచుకుని వెళ్ళిపోయింది. ముద్దుపేరు మళ్ళీ పిలవలేదు. మతి లేని మనిషంటారే, ఆ ఒక్క నిమిషం ఆమెకి మతి లేకపోతే ఎంత బాగుండేది!

ఆ రాత్రి నేను పడుకున్నాననుకుని మా అమ్మ నా పక్కన కూచుంది. నా అరచెయ్యి విప్పి పావలా పెట్టి మూసింది. "నీ స్నేహితురాలిచ్చిందే. పెన్సిలు కొనుక్కో" అంది.

కొనుక్కున్నాను.

మీటింగుల్లో నేను చెప్పిన ఆత్మకథంతా వాళ్ళు మాకేం చేశారో చెప్పేది. నూతి దగ్గర ఏమన్నారు, మిల్లులో ఎంత ఎగ్గొట్టారు, బడిలో ఎక్కడ కూచోబెట్టారు. ఒక్కటీ అబద్ధం లేదు. అవి చెప్పడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యం నాకుంది. కాని అందులో ప్రతిచోటా నేను దెబ్బ తిన్నదాన్నే. నేను కొట్టిన దెబ్బ ఒక్కటీ లేదు. మరాఠీలో దయా పవార్ 1978లో 'బలుత' రాసినప్పుడు తన కథని చదువుకున్న దయా పవార్‌కి పాత దగడూ చెబుతున్నట్టు రాశాడు. సొంత కథ చెప్పడానికి మనిషిని రెండుగా కోసుకోవలసి వచ్చింది. అది చదివినప్పుడు శిల్పం అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. పావలా తీసుకున్న పిల్లా మైకు పట్టుకున్న మనిషీ ఒకే ఒంట్లో ఇరవై ఏళ్ళు ఒకరినొకరు పలకరించుకోకుండా బతికారు.

"తెలీదు" అనడం నాకు ఎవరు నేర్పారు? కులం నేర్పింది. పేట పేరు చెబితే ముఖాలు మారడం చూసి చూసి నేర్చుకున్నాను. ఇందులో నాకు అనుమానం లేదు. మా అమ్మ మేడ మీది అమ్మగారైతే నేను గేటు దగ్గర "మా అమ్మకి ఒంట్లో బాగోలేదే" అనేదాన్ని. కాని నేర్చినదంతా పలకాలని లేదు. మా తమ్ముడు, నాకన్నా చిన్నవాడు, అదే పేటలో పుట్టినవాడు, అమ్మ మీద రాళ్ళు వేసినవాళ్ళ మీద తిరగబడి తల పగలగొట్టుకొచ్చేవాడు. వాడికి చదువబ్బలేదు. నాకబ్బింది. ఈ రెంటికీ ఏం సంబంధం ఉందో ఆలోచించడానికి నాకిప్పటికీ ధైర్యం చాలదు.

హన్నా పుస్తకం నన్ను పట్టుకున్నది ఇక్కడ. ఆమె నా గురించి ఒక్క అక్షరం రాయలేదు. నా బాధ తనకి తెలుసనలేదు. ఆడవాళ్ళందరి బాధ, పేదవాళ్ళందరి బాధ అనలేదు. తన ఇంట్లో తన తల్లి, తన సిగ్గు, తాను తప్పించుకు తిరిగిన సంగతి, అంతవరకే చెప్పింది. ఆమె తన హద్దులో ఉండి చెప్పింది గనకనే నా హద్దులో నాకు చోటు దొరికింది. మన గురించి రాసిన సానుభూతిపరులతో మాకు తగువు వచ్చింది అందుకే కదా. వాళ్ళు తమ ఇంటి సంగతి ఒక్కటి విప్పకుండా మా ఇంటి తలుపు తీశారు. మా అమ్మలాంటి పిచ్చివాళ్ళ మీద కథలు రాసిన కామందుల పిల్లలున్నారు. మేడ మీద గదిలో ఉన్న సొంత అత్త మీద రాసినవాడు నాకు తగల్లేదు. అది రాసి ఉంటే మొదట చదివేదాన్ని నేనే. ఆ కథ నాకు కలిసేది కూడా.

స్టాఫ్‌రూము పెద్దాయన "మాకూ ఇంతే" అన్నప్పుడు ఆయన పోగొట్టుకున్నదేం లేదు, తాతగారి గొప్ప ఇంకాస్త పెరిగింది. నా నోరు మూతపడింది. ఈ పుస్తకం మూశాక నా నోట్లోంచి వచ్చిన "నాకూ ఇంతే" వల్ల నాకు మిగిలింది ఆ గేటు దగ్గరి రెండు మాటలు. ఆ తేడాతో నేనీ మాట వాడుకుంటున్నాను. ఎవరికన్నా ఇంతకన్నా మంచి కొలత తెలిస్తే చెప్పండి.

మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. గేటు సంగతి చెప్పినప్పుడు అది ఏడవలేదు, తిట్టనూ లేదు. చాలాసేపు ఊరుకుని ఒక ప్రశ్న వేసింది. "ఇవన్నీ రాస్తావా మమ్మీ? అమ్మమ్మని అడిగావా?"

నిజమే. హన్నా పుస్తకం వేసేనాటికి తల్లి బతికే ఉంది. లోకం ముందు తల్లి జబ్బు పెట్టింది. చుట్టూ చేరి చూసే లక్షలమంది ఉన్న మనిషి. అది తల్లిని అమ్ముకోవడం కాదా అని నాకూ అనిపించింది. మన గంగవ్వని చూడండి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి మనిషి, బీడీలు చుట్టి, కూలి చేసి, ముసలితనంలో 'మై విలేజ్ షో' వీడియోలతో ఇంటింటికీ తెలిసింది. తన కష్టం తన నోటితో చెప్పుకుంది, ఎంత చెప్పాలో అంతే చెప్పుకుంది. అది ఆమె సొత్తు. మా అమ్మ కష్టం మా అమ్మ సొత్తు. నాకేం హక్కు?

మరాఠీ ఆత్మకథలు వచ్చినప్పుడు కూడా మనవాళ్ళలోనే చదువుకున్నవాళ్ళు కొందరు ఆ చెత్త మళ్ళీ తవ్వడం ఎందుకన్నారు. నలుగురిలో ఇప్పుడిప్పుడే తలెత్తుకుంటున్నాం, మా అమ్మల చిరిగిన చీరలు చూపించకండి అన్నారు. ఆ మాటలో బాధ ఉంది, నేను తీసెయ్యను. నేనూ అదే చేశాను కదా గేటు దగ్గర. కాని మా అమ్మ చిరిగిన చీరతో మండపేట బజార్లో పదమూడేళ్ళు తిరిగింది. ఊరంతా చూసింది. చూడనట్టు నటించింది నేనొక్కదాన్నే. కనక దాచి ఉంచడం ఆమె మర్యాద కోసం అని నాకు నేను చెప్పుకుంటే అది అబద్ధం. దాచింది నా మర్యాద. ఆమెని అడిగే వీలు లేదు. 1993లో ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో విశాఖపట్నం మానసిక ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మందులతో అడుగుల చప్పుడు ఆగింది. చేతులు వణికేవి, మాట తగ్గింది. మా ఇంట్లోనే, గ్యాసు పొయ్యి ఉన్న వంటింటి గుమ్మంలో కూచుని ఎనిమిదేళ్ళు ఉంది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. "నువ్వు చెయ్యమ్మా, నే చూస్తాను" అనేది. 2001లో పోయింది. ఆ ఎనిమిదేళ్ళలో ఒక్కసారన్నా పావలా మాట నేనెత్తలేదు, ఆమే ఎత్తలేదు. మరిచిపోయిందని నమ్మడం నాకు సుఖంగా ఉండేది.

అందుకని ఆమె గురించి నేను రాయగలిగింది ఇంతే. ఆమె లోపల ఏం జరిగిందో రాయను, నాకు తెలీదు. ఆమెకి వినపడిన ఏడుపు ఎలా ఉండేదో రాయను. నేను చూసింది, నేనన్నది, నేను చేసింది రాస్తాను. అంతవరకు నా సొత్తే.

పావలాలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. ఆ రోజు పేపర్లో చదివి బడికి వెళ్ళి పాఠం చెప్పాను, మామూలుగానే.

ఇప్పుడు మా పదో తరగతి బ్యాచివాళ్ళు వాట్సాప్‌లో గ్రూపు పెట్టారు. ఆ స్నేహితురాలు కూడా ఉంది, చాలా ఏళ్ళుగా పరాయి దేశంలో ఉంటోంది. మొన్న మదర్స్ డే అని అందరూ తల్లుల ఫోటోలు పెడుతున్నారు. నా దగ్గర మా అమ్మది ఒక్కటే ఫోటో. విశాఖలో ఆస్పత్రి కాయితాలకని తీయించింది, జుట్టు కత్తిరించి ఉంటుంది. అది పెట్టాను. కాసేపటికి ఆ అమ్మాయి దగ్గర్నుంచి వచ్చింది: "మీ అమ్మగారా? ఎంత బాగున్నారే! నేనెప్పుడూ చూళ్ళేదు."

చాలాసేపు ఫోను ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. తర్వాత రాశాను: "చూశావు. 1985లో, బడి గేటు దగ్గర. పావలా ఇచ్చావు."

పంపాను.